కరోనా గుండె జోలికి వెళ్లదన్న మెసేజ్‌కి నా జవాబు

పోయిన ఆదివారం పొద్దున్నే మా కింది ఫ్లాట్ మావయ్యగారు ఫోన్ పట్టుకుని పైకి వచ్చారు. షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. 2021 మే నెలలో కరోనాతో పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డారు. "అమ్మా, నువ్వు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేదానివి కదా, ఇది నిజమేనా చెప్పు" అంటూ ఒక మెసేజ్ తెరిచి ఫోన్ నా చేతిలో పెట్టారు. నేను చదువుతుండగానే ఇంకో మాట అన్నారు. "ఇది చూసే బీపీ మాత్ర ఆపేశాను. పదకొండు రోజులైంది." మిషన్ తెచ్చి చూస్తే బీపీ 178/104 ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ మెసేజ్ వైజాగ్‌లో సీతమ్మధార నుంచి గాజువాక దాకా తిరుగుతోంది. నాకే మూడు గ్రూపుల్లో వచ్చింది. "పెద్ద గుండె డాక్టరు చెప్పిన నిజాలు" అని మొదలవుతుంది, ఆ డాక్టరు పేరు మాత్రం ఎక్కడా లేదు. అందులో ఆరు మాటలున్నాయి. ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాను.

"కరోనా ఊపిరితిత్తుల జబ్బు. గుండె జోలికి వెళ్లదు."

ఇది ఎందుకు నమ్మబుద్ధవుతుందో నాకు తెలుసు. 2021 వేసవిలో వైజాగ్‌లో ఎవరిని పలకరించినా రెండే అంకెలు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ ఎంత, ఊపిరితిత్తుల స్కాన్‌లో సీటీ స్కోర్ 25కి ఎంత? ఏప్రిల్ 22న మన స్టీల్ ప్లాంట్ నుంచి ఏడు ట్యాంకర్లతో ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరింది. అందరి మాటా ఊపిరి గురించే. గుండె ఎలా ఉందని అడిగినవాళ్లు తక్కువ.

కానీ వుహాన్‌లో డాక్టర్లు 2020 మొదట్లోనే అడిగారు. అక్కడి రెన్మిన్ ఆస్పత్రిలో చేరిన 416 మందిని చూస్తే 82 మందికి గుండె కండరం దెబ్బతిన్న గుర్తు రక్తంలో కనిపించింది. అంటే ఐదుగురిలో ఒకరు. ఆ 82 మందిలో సగానికి పైగా చనిపోయారు. గుండె బాగున్నవాళ్లలో చనిపోయింది నూటికి ఐదుగురు కూడా లేరు. న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్ ఆస్పత్రుల్లో చేరిన 2,736 మందిలో నూటికి 36 మందికి అదే గుర్తు ఉంది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటుంది. అదే సమయానికి ఊపిరితిత్తులు నిండిపోయి రక్తంలో ఆక్సిజన్ 80 శాతానికి పడిపోతుంది. గుండెకు పని ఎక్కువ, అందే ఆక్సిజన్ తక్కువ. ఇది మొదటి దెబ్బ. వైరస్ మీద పోరాటంలో ఒళ్లంతా లోలోపల వచ్చే వాపు (ఇన్‌ఫ్లమేషన్) రెండోది. అది రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తుంది, పాత కొవ్వు పూడికలను కదిలిస్తుంది. మూడోది రక్తం గడ్డకట్టడం. ఆ రోజుల్లో కొన్ని శాంపిళ్లలో, రక్తంలో గడ్డల జాడ చెప్పే డీ-డైమర్ అంకె మా మిషన్ కొలవగలిగే హద్దు దాటిపోయేది. శాంపిల్‌ని పల్చన చేసి మళ్లీ పెట్టేవాళ్లం. అలాంటి గడ్డ ఊపిరితిత్తుల నాళంలో ఇరుక్కుంటే గుండె కుడి భాగం దానికి ఎదురు తోయలేక అలసిపోతుంది. వైరస్ నేరుగా గుండె కండరంలో దూరి వాపు తేవడం కూడా ఉంది గానీ, మిగతావాటితో పోలిస్తే అది అరుదు.

"గుండె దెబ్బతిన్నవాళ్లంతా ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లు."

అందరూ కాదు. వుహాన్‌లోనే ఇంకో ఆస్పత్రిలో 187 మందిని చూశారు. గుండెకు దెబ్బ తగిలినవాళ్లు 52 మంది. వాళ్లలో 36 మందికి ముందే గుండె జబ్బో బీపీనో ఉంది. మిగతా 16 మందికి ఏమీ లేదు. ఆ 16 మందిలో ఆరుగురు చనిపోయారు. పాత జబ్బు ఉండి కూడా కరోనాలో గుండె దెబ్బతిననివాళ్లు 30 మంది ఉంటే, వాళ్లలో పోయింది నలుగురే. పాత జబ్బూ కొత్త దెబ్బా రెండూ ఉన్నవాళ్ల సంగతి అన్నింటికంటే ఘోరం, 36 మందిలో 25 మంది దక్కలేదు. కాబట్టి పాత జబ్బు ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలన్నది నిజం. మిగతావాళ్లకు భయమే లేదన్నది అబద్ధం.

"ట్రోపోనిన్ టెస్టు డబ్బు గుంజడానికి పెట్టింది. పెరిగిందని చెప్పి స్టెంట్లు వేశారు."

ఇది నా పని గురించిన మాట, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. అది పెరిగినంత మాత్రాన నాళం మూసుకుపోయిందని కాదు. ఈ ఒక్క విషయంలో మెసేజ్ రాసినవాళ్ల అనుమానంలో కొంత న్యాయం ఉంది. కిడ్నీలు పాడైనా, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినా ఈ అంకె పెరుగుతుంది. అందుకే మొదటి శాంపిల్ తీశాక కొన్ని గంటలకు మళ్లీ తీస్తాం. అంకె ఎక్కుతోందా, దిగుతోందా, నిలకడగా ఉందా అన్నదే డాక్టరుకు కావాలి. స్టెంట్ మాట ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), ఛాతీనొప్పి, యాంజియోగ్రామ్ అన్నీ చూశాక వస్తుంది. ట్రోపోనిన్ ఒక్కటే చూసి స్టెంట్ వేయరు. కానీ కరోనా వార్డులో ఆ అంకె ఇంకో పని చేసింది. ఎవరి మంచం దగ్గర ఎక్కువ కన్నేసి ఉంచాలో చెప్పింది. రాత్రి రెండింటికి రిపోర్టు చేతికి ఇస్తే డ్యూటీ డాక్టరు పరుగున వెళ్లడం నేను చూశాను. అలాంటి టెస్టును దండగ అంటే ఊరుకోలేను.

"కరోనా తర్వాత వచ్చిన గుండెపోట్లన్నీ టీకా వల్లే."

తేదీలు చూడండి. పైన చెప్పిన వుహాన్, న్యూయార్క్ లెక్కలు 2020 మొదటి నెలలవి. మన దేశంలో టీకా మొదలైంది 2021 జనవరి 16న. టీకా పుట్టకముందే గుండెలు దెబ్బతిన్నాయి.

టీకాతో గుండెకు ఎన్నడూ ఏమీ కాలేదని నేను అనను. ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత కుర్రాళ్లలో అరుదుగా గుండె కండరానికి వాపు వచ్చింది, ముఖ్యంగా రెండో డోసు తర్వాత. మనవాళ్లలో దాదాపు అందరూ వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. అవి ఆ రకం కాదు. కోవిషీల్డ్‌తో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వచ్చింది, అదీ దాచాల్సిన విషయం కాదు. ఇక ఉన్నట్టుండి కుప్పకూలిన మన కుర్రాళ్ల గురించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 పెద్దాస్పత్రుల్లో లెక్క తీసి 2023లో ప్రచురించింది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, బతికున్న 2,916 మందితో పోల్చారు. రెండు డోసులు వేసుకున్నవాళ్లకు ఆ ముప్పు దాదాపు సగానికి తగ్గింది. కరోనాతో ఆస్పత్రిలో చేరినవాళ్లకు దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, ఒళ్లు విరిగేలా శ్రమ చేయడం కూడా ముప్పును పెంచాయి.

"బీపీ మాత్రలు వైరస్‌కి తలుపులు తీస్తాయి, ఆపేయండి."

మావయ్యగారిని ముంచబోయింది ఇదే. వైరస్ మన కణంలోకి ఏసీఈ2 అనే ప్రొటీన్‌ని పట్టుకుని దూరుతుంది. టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు ఆ ప్రొటీన్‌ని పెంచుతాయేమోనని 2020 మార్చిలో డాక్టర్లకే అనుమానం వచ్చింది. అనుమానంతో ఆగకుండా పరీక్షించి చూశారు. బ్రెజిల్‌లో కరోనాతో ఆస్పత్రిలో చేరిన 659 మందిలో సగం మందికి ఈ మాత్రలు ఆపారు, సగం మందికి కొనసాగించారు. ఆపినందువల్ల ఏ లాభమూ రాలేదు. 2021 జనవరిలోనే తేలిపోయిన సంగతి ఇది. ఇవాళ ఆ పాత అనుమానాన్నే కొత్త నిజంలా పంచుతున్నారు. ఎవరికి మాత్ర మార్చాలన్నా ఆపాలన్నా అది చూసే డాక్టరు చెప్పాలి.

"ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు రోజూ కైలాసగిరి మెట్లు ఎక్కితే గుండె మళ్లీ గట్టిపడుతుంది."

లండన్‌లో ఆరు ఆస్పత్రుల్లో ట్రోపోనిన్ పెరిగి, కోలుకుని ఇంటికి వెళ్లిన 148 మందికి దాదాపు రెండు నెలల తర్వాత గుండె ఎంఆర్ఐ తీశారు. సగానికి కొంచెం ఎక్కువ మందికి గుండెలో మచ్చో, వాపు జాడో, రక్తం సరిగా అందని చోటో కనిపించింది. అయితే పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి గుండె ప్రధాన గది రక్తం తోసే బలం మామూలుగానే ఉంది. ఇది ఊరటనిచ్చే విషయం, చెప్పి తీరాలి. జబ్బు చేసిన ప్రతివాడి గుండె పాడైపోయిందని బెదిరించే మెసేజ్‌లు కూడా ఇంతే తప్పు.

ఆస్పత్రిలో పడి లేచినవాళ్లు నెమ్మదిగా నడక మొదలుపెట్టాలి. ఆర్కే బీచ్‌లో చదునుగా ఉన్న దారి మీద పది నిమిషాలు, వారం తర్వాత పదిహేను. మెట్లు, సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు డాక్టరు సరే అన్నాకే. 2023 అక్టోబరులో అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కూడా, తీవ్రంగా కరోనా వచ్చినవాళ్లు ఏడాది రెండేళ్లు మితిమీరిన శ్రమ పెట్టుకోవద్దని చెప్పారు. నడుస్తుంటే ఆయాసం, ఛాతీలో బరువు, గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్ల వాపు ఉంటే ఎన్నేళ్లు గడిచినా సరే, చూపించుకోవాలి.

మావయ్యగారిని పాత ఫైలు తెమ్మన్నాను. సీటీ స్కోర్ 11 అని ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. మూడో పేజీలో ట్రోపోనిన్ లైను ఉంది, అంకె పక్కన పైకి బాణం గుర్తు. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరూ దాన్ని చూడలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. ఆ పూటే ఆయన డాక్టరుకు ఫోన్ చేయించాను, మాత్ర మళ్లీ మొదలైంది. గురువారం ఎకోకి నేనే తోడు వెళ్తున్నాను.