నువ్వు కూర్చో, చుట్టానివి

నిన్న భోగి. తెల్లారి వంటింట్లోకి వెళ్లి బియ్యం చేట అందుకున్నాను. అమ్మ చేతిలోంచి లాక్కుంది. "నువ్వు కూర్చోవే. అమెరికా నుంచి మూడేళ్లకొచ్చావు, నీకెందుకు ఈ పనులు?" అంది. హాల్లోకి వస్తే వదిన బాటిల్ నీళ్లు చేతికిచ్చింది. అన్నయ్య పిల్లలకి పిజ్జా ఆర్డర్ పెట్టాడు. భోగి రోజున. ఒడిశాలోని మా బరంపురంలో. నేను పుట్టి పెరిగిన ఇంట్లో.

బాటిల్ నీళ్ల గురించి నేనేమీ అనను, పిల్లల కడుపులంటే నాకూ భయమే. మేమొస్తున్నామని బాత్రూంలో కమోడ్ మార్పించాడు, అదీ సరే, నాన్న మోకాళ్లకి ఎలాగూ కావాల్సిందే. కానీ ముగ్గు కూడా వేయనివ్వకపోతే ఎలా? వదిన ముగ్గేసి, ఫోన్ నాకిచ్చి, "నువ్వు ఫోటో తియ్యి వదినా, స్టేటస్ పెడదాం" అంది. పండగ వాళ్లది, ఫోటో నాది.

కోపం వచ్చిన మాట నిజం. అది మధ్యాహ్నం దాకా ఉంది. అరుగు మీద కూర్చుని పిజ్జా ముక్క తింటుంటే గుర్తొచ్చింది, ఇదే పని నేను అమ్మకి చేశానని.

2018లో అమ్మానాన్న మొదటిసారి న్యూజెర్సీ వచ్చారు. విజిటర్ వీసా, ఆరు నెలలు. నేను ఎక్సెల్ షీట్ వేశాను. ఏ వారాంతం ఎక్కడికి, ఏ హోటల్, ఏ రోజు ఎవరింట్లో భోజనం. నయాగరా చూపించాం, వాషింగ్టన్ చూపించాం. నయాగరా దగ్గర నాన్న పది నిమిషాలు నిలబడి, "బానే ఉందమ్మా. గోపాలపూర్ అయితే కాసేపు ఇసకలో కూర్చుందుము" అన్నాడు. గోపాలపూర్ అంటే మా ఊరి దగ్గరి బీచ్. అప్పుడు నవ్వుకున్నాం.

ఆ ఏడు దీపావళి వారం మధ్యలో పడింది. ఆఫీసు, స్కూలు. శనివారానికి వాయిదా వేశాను. అక్కడ అందరం చేసేదే అది. అమ్మ ఒక్క మాట అడిగింది: "అమావాస్య శనివారం దాకా ఆగుతుందా?" స్వీట్లు కొన్నాం, వంట ఆర్డర్ ఇచ్చాం. అమ్మ పొయ్యి దగ్గరకొస్తే "అమ్మా, స్మోక్ అలారం మోగుతుంది, నువ్వు కూర్చో" అన్నాను. ఆరు నెలల్లో ఆ మాట ఎన్నిసార్లన్నానో! వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో అమ్మ అంది: "అంతా బాగుందే. చేతులకే ఏం తోచలేదు."

2023 అక్టోబరులో రెండోసారి వచ్చారు. ఈసారి నాకు సెలవుల్లేవు, ఆఫీసులో ప్రాణం తీస్తున్నారు. షీటూ లేదు, టూరూ లేదు. చుట్టాల్ని పిలిచి ఇంట్లో వదిలేశానని రోజూ బాధే. అదే మేలైంది. వారం తిరిగేసరికి వంటిల్లు అమ్మది. ఏ డబ్బాలో ఏముందో ఆవిడని అడగాల్సిందే. స్మోక్ అలారం మోగితే నాన్న తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసిరేవాడు. అది ఆయన ఉద్యోగం.

ఆ ఏడు దీపావళి నవంబర్ 12, ఆదివారం. బరంపురంలో మాకు దీపావళి రెండు రకాలు. మేం గోగు కాడలకి నూనె గుడ్డలు కట్టి, వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని నేల మీద కొడతాం. పక్కింటి ఒడియా వాళ్లు జనపకాడలు వెలిగించి, ఆకాశంకేసి ఎత్తి పెద్దల్ని పిలుస్తారు, చీకట్లో రండి, వెలుతురులో వెళ్లండి అని. పిల్లలం రెండు చోట్లా ఉండేవాళ్లం, ఎవరి కాడ ఎవరి చేతిలో ఉందో తెలిసేది కాదు. న్యూజెర్సీలో గోగు కాడలెక్కడివి? అమ్మ పెరట్లో రాలిన మేపుల్ కొమ్మలు ఏరి, నాన్న పాత బనీను చింపి కట్టింది. మావాడు ముందు దిబ్బు దిబ్బు అన్నాడు, తర్వాత అమ్మమ్మ నేర్పిన ఒడియా పిలుపూ పిలిచాడు. ఎవర్ని పిలుస్తున్నామని అడిగాడు. "మీ ముత్తాతని" అంది అమ్మ. వాడు నిజంగానే వీధిలోకి చూశాడు.

తర్వాత థాంక్స్ గివింగ్ వచ్చింది. నవంబరులో నాలుగో గురువారం. అమ్మకి అది తెగ నచ్చేసింది. "ఈళ్లకి కూడా లక్ష్మీవారమే పండగా!" అంది. గురువారాన్ని మేం లక్ష్మీవారం అంటాం, మార్గశిరంలో ఆ వారాల్లో లక్ష్మీపూజ చేస్తాం. "ఇంకొక్క వారం ఆగితే మార్గశిరం వచ్చేది కదా, తొందరపడ్డారు" అని అమెరికా మీద చిన్న విసురు కూడా వేసింది. ఒడియా లెక్కలో నెల పున్నమి మర్నాడు మొదలవుతుంది, మన లెక్కలో అమావాస్య మర్నాడు. అంచేత వాళ్ల మార్గశిరం పక్షం రోజులు ముందొస్తుంది. అమ్మ రెండు లెక్కలూ కలిపేసి, వాళ్లతో మొదలుపెట్టి మనతో ముగిస్తుంది. ఆరో ఏడో లక్ష్మీవారాలు. బయట మంచు కాబట్టి బియ్యప్పిండి ముగ్గులు గరాజ్ గచ్చు మీద. మా ఆయన కారు మంచులో ఉండిపోయింది. పొద్దున్నే అద్దాలు గీక్కుంటూ ఆయనేమన్నాడో ఇక్కడ రాయను.

ఇక 2024 సంక్రాంతి. మన పంచాంగంలో పండగ జనవరి 15. సూర్యుడు మకరంలోకి వెళ్లిన ఆ ఘడియ ఇక్కడ తెల్లవారుజామున మూడు కాకముందు. అదే ఘడియ న్యూజెర్సీలో 14 సాయంత్రం నాలుగు దాటాక, ఇంకా పొద్దు ఉండగానే. అంటే అక్కడ ఒక రోజు ముందు. శనివారం భోగి, ఆదివారం పండగ, సోమవారం కనుమ. ఆ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరున సెలవు. నా పదకొండేళ్లలో మూడు రోజులూ మూడు రోజుల్లాగే జరిగింది ఆ ఒక్కసారే. మా వీధిలోనే ఉండే కటక్ వాళ్లావిడ మకర చావుళ, అంటే సంక్రాంతికి ఒడియా వాళ్లు చేసే నానబెట్టిన బియ్యం ప్రసాదం, తెచ్చింది, అమ్మ అరిసెలిచ్చింది. ఆవిడ చూసి "అరిసా పిఠా!" అంది. అమ్మ "అరిసెలు" అంది. ఇద్దరూ అరగంట ఒడియాలో వాదించుకున్నారు, పాకం ముదరాలా లేతగా ఉండాలా అని. అంత సంతోషంగా అమ్మని అమెరికాలో అంతకుముందు చూడలేదు.

అక్కడి తెలుగువాళ్ల సంబరాల గురించీ ఒక మాట. హాలు దొరికిన శనివారం సంక్రాంతి చేస్తారు, ఒక్కోసారి ఫిబ్రవరిలో. పిల్లలు డాన్సులు చేస్తారు, మంచిదే, నేనూ వెళ్తాను. కానీ అక్కడ "మీది ఒడిశానా? మరి తెలుగెలా వచ్చు?" అని అడిగేవాళ్లు ప్రతిసారీ ఒకరుంటారు. ఒడియా వాళ్ల సభకెళ్తే ప్రశ్న తిరగబడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్లింది. మా ముత్తాత కిరాణా కొట్టు మాత్రం అదే వీధిలో, అదే అరుగు మీద ఉంది. బేరాలకి ఒడియా కావాలి కాబట్టి నేర్చుకున్నాడు. ఇంతకంటే పెద్ద కథేం లేదు, ప్లేటులో పులిహోర చల్లారిపోతుంటే చెప్పేంత కథ అసలే కాదు.

నాకు అర్థం కానిది ఒక్కటే. వచ్చినవాళ్లని కూర్చోబెట్టడమే మర్యాద అని మనకెవరు నేర్పారు? మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర. మా ఊరి అమ్మవారు బూఢీ ఠాకురాణి అత్తారిల్లు వదిలి పుట్టింటికొస్తుంది, దేశిబెహరా వీధికి. నేతవాళ్ల కులపెద్ద అమ్మవారికి తండ్రి లెక్క. నెల్లాళ్లపాటు ఉంటుంది. ఆ నెలంతా ఆవిడ కుర్చీలో కూర్చుంటుందా? రాత్రయితే ఘటాల్లో వీధి వీధీ తిరుగుతుంది. ఊళ్లో సగంమంది వేషాలు కట్టి రోడ్డు మీదే ఉంటారు. దేవతని కూడా అంత తిప్పే ఊళ్లో, నాకు చేట ముట్టుకోవడానికి పర్మిషన్ లేదు!

ఇదంతా నిన్న రాత్రి అమ్మతో అన్నాను. ఇంత పొడుగ్గా కాదు. "నన్ను నీ ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు నేనేమైనా అన్నానా?" అంది. అని చేట నా వైపు తోసింది. పిల్లల్ని పిలిచి నువ్వులు ఏరడానికి కూర్చోబెట్టింది. చిన్నది సగం తినేసింది.

ఇవాళ పండగ. పొద్దున్న మూడు అరిసెలు మాడ్చాను, నాలుగోది పర్వాలేదు. వదిన ఫోటో తీస్తానంటే వద్దన్నాను. రేపు కనుమ, మినుము తినాలి. పప్పు నేనే నానబెట్టాను. గ్రైండర్ దగ్గరికి మాత్రం అన్నయ్యని రానిస్తున్నాను, దాని స్విచ్ షాక్ కొడుతోంది.