కాళ్ళు వేలాడితే గుర్రానికి బరువెక్కువైనట్టేనా?

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చాలు, తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. పొట్టి గుర్రం మీద ఆరడుగుల పెళ్ళికొడుకు, అతని బూట్లు గుర్రం మోకాళ్ళ దాకా వేలాడుతున్న ఫోటో. కింద రాసింది క్లుప్తంగా ఇదీ: కాళ్ళు గుర్రం పొట్ట కిందికి దిగితే ఆ మనిషి దానికి ఎక్కువ, దిగకపోతే నిశ్చింతగా ఎక్కొచ్చు. గుర్రం తన బరువులో మూడో వంతు మోస్తుంది. భారమైతే అదే కదలకుండా నిలబడిపోతుంది. చట్టం కూడా పోనీకి, అంటే పొట్టి జాతి గుర్రానికి, 70 కిలోలు ఒప్పుకుంది. అయినా జట్కాలో అంతమందిని లాగిన జాతికి ఒక్క మనిషి ఒక లెక్కా?

మొదట్లో గుర్రం మీద కనిపించిన జాలి చివరికొచ్చేసరికి ఏమైపోయిందో తెలీదు. అయినా ఒక్కొక్కటే చూద్దాం. వీటిలో సగం నిజాలు కూడా ఉన్నాయి, ఇబ్బంది వాటితోనే.

ముందు కాళ్ళ సంగతి. గుర్రం వెన్ను మీద పడేది మనిషి బరువు, అతని పొడుగు కాదు. 55 కిలోల సన్నటి ఆరడుగుల కుర్రాడి పాదాలు పోనీ పొట్ట కిందికి జానెడు దిగుతాయి. 90 కిలోల అయిదడుగుల పెద్దమనిషి కాళ్ళు పొట్ట దగ్గరే ఆగిపోతాయి. ఫోటో చూసి తీర్పు చెబితే కుర్రాడు దోషి, పెద్దమనిషి నిర్దోషి. ఇంకో తిరకాసు కూడా ఉంది. గుర్రం పక్కటెముకలు వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఎక్కినవాడి తొడలు పక్కలకు విచ్చుకుంటాయి, పాదాలు పైనే ఉండిపోతాయి. బక్కచిక్కిన గుర్రమైతే అవే కాళ్ళు నిటారుగా కిందికి జారతాయి. ఇంతకీ ఈ పద్ధతిలో మనం కొలిచేది మనిషినా, గుర్రం మేతనా?

ఐస్‌లాండ్ గుర్రాలను చూడండి. మూపు దగ్గర ఎత్తు సుమారు 140 సెంటీమీటర్లు. అంతర్జాతీయ పోటీల్లో లాడాలు లేకుండా కొలిస్తే 148 సెంటీమీటర్లు దాటనిదాన్ని పోనీ అంటారు కాబట్టి, ఎత్తును బట్టి అవి పోనీలే. అక్కడ పెద్దవాళ్ళే వాటి మీద స్వారీ చేస్తారు. కాళ్ళు పొట్ట దాటి వేలాడుతూనే ఉంటాయి, ఎవరూ ఫోటో తీసి తిట్టరు.

మరి పొడుగు వల్ల ఏ ఇబ్బందీ లేదా అంటే, ఉంది, కానీ అది పాదాల దగ్గర లేదు, జీను దగ్గర ఉంది. పోనీ వెన్ను పొట్టిది, దాని మీద జీను పట్టే చోటు తక్కువ. గుర్రానికి 18 జతల పక్కటెముకలుంటాయి, బరువు వాటి పైనే పడాలి. చివరి పక్కటెముక దాటాక వచ్చే నడుముకు కింద ఆ ఆసరా ఉండదు. పొడుగు తొడలున్న మనిషి చిన్న జీనులో కూర్చుంటే మోకాళ్ళు ముందుకు పట్టక పిరుదులు వెనక్కి జరుగుతాయి, జీను వెనక అంచు మీదికో, దాన్ని దాటో కూర్చుంటాడు. అప్పుడు భారమంతా సరిగ్గా ఆ బలహీనమైన చోటే పడుతుంది. సరే, పెద్ద జీను వేద్దామంటే అది నడుము మీదికి పాకుతుంది. పైగా పొడుగు మనిషి ఊగితే ఆ ఊపు కూడా ఎక్కువే. బరాత్‌లో డీజే పాటకు జీను మీదే డాన్సు చేసే పెళ్ళికొడుకుల్ని మనం చూడనిది కాదు. కుదురుగా కూర్చున్న 60 కిలోలు, ఎగిరెగిరి పడే 60 కిలోలు వెన్నుకు ఒకటి కావు. కాబట్టి పొడుగు మనిషి ఎక్కినప్పుడు చూడాల్సింది బూట్లు ఎక్కడున్నాయని కాదు, అతని వెనక జీను కాస్తయినా మిగిలిందా, జీను వెనక అంచు చివరి పక్కటెముక దాటిందా అని.

ఇక మూడో వంతు. అన్నిటికన్నా ఎక్కువ కీడు చేసేది ఈ మాటే, ఎందుకంటే చూడ్డానికి లెక్కలా ఉంటుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది గుర్రాల మీద వాటి ఒంటి బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున బరువు పెట్టి నడిపించారు. 15, 20 దగ్గర పెద్ద తేడా రాలేదు. 25 నుంచి గుండె వేగం పెరిగింది, కండరాల నొప్పి, బిగుతు స్పష్టంగా కనిపించాయి. ఇప్పుడు చాలామంది చెప్పే 20 శాతం హద్దుకు ముఖ్యమైన ఆధారాల్లో ఇదొకటి. మెసేజ్‌లోని మూడో వంతు అంటే 33 శాతం, ఆ పరీక్షలో పెట్టిన అతి ఎక్కువ బరువును కూడా దాటిపోయింది.

అలాగని 20 శాతం కూడా శిలాశాసనం కాదు. ఇందాకటి ఐస్‌లాండ్ గుర్రాల మీదే 20 నుంచి 35 శాతం దాకా బరువు పెంచుతూ చేసిన పరీక్ష 2017లో వచ్చింది. కండరం అలసటను చూపే లాక్టేట్ రక్తంలో హద్దు దాటింది సగటున 23 శాతం దగ్గర. కానీ ఒక గుర్రానికి అది 17 దగ్గరే దాటింది, ఇంకోదానికి 27 దాకా దాటలేదు. అవన్నీ ఒకే జాతి, బాగా మేపి తయారుచేసిన గుర్రాలు. ఎండలో నిలబడి, దొరికిన గడ్డి తిని, వారంలో నాలుగు పెళ్ళిళ్ళకు వెళ్ళే మన పోనీకి 20 అనేది పై హద్దే తప్ప కనీస హక్కు కాదు. 15 దగ్గర ఆగితే ఇంకా మంచిది.

సరే, శాతం తీయాలంటే గుర్రం బరువు తెలియాలి కదా. తిరుమలలో తులాభారం మనుషులకుంది, గుర్రాలకు లేదు. కానీ మన జిల్లాలో తోతాపురి లారీలు తూగే వేబ్రిడ్జిలకు కొదవ లేదు, పోనీని ఎక్కిస్తే అయిదో పదో కిలోల తేడాతో బరువు చెప్పేస్తాయి. అది కుదరకపోతే టైలర్ టేపు చాలు. ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దాంతోనే గుణించి, పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో అంచనా వస్తుంది. చుట్టుకొలత 140, పొడవు 125 ఉన్న పోనీ అనుకుందాం. 206 కిలోలు. అందులో 20 శాతం 41. జీను, దాని కింది దుప్పటి, కళ్ళెం కలిపి 8 కిలోలు తీసేస్తే ఎక్కేవాడికి మిగిలింది 33. అంటే స్కూలు పిల్లాడు. 75 కిలోల పెళ్ళికొడుకు, మీద జరీ షేర్వాణీ, నడుముకు కత్తి, ముందు తోడి పెళ్ళికొడుకు పేరుతో ఒక బుడ్డోడు, వీళ్ళందరికీ ఆ పోనీ తన బరువులో సగం దాకా మోస్తోంది. తిన్నగా లెక్కేస్తే 75 కిలోల మనిషికి జీనుతో కలిపి 415 కిలోల గుర్రం కావాలి.

టేపు పట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పురుగులున్న పోనీకి పొట్ట కుండలా ఉంటుంది, పక్కటెముకలు మాత్రం లెక్కపెట్టొచ్చు. అందుకే కొలవాల్సింది ఛాతీని, పొట్టను కాదు. రైడింగ్ నేర్పేచోట కనిపించే బాగా కొవ్వెక్కిన పోనీలది దీనికి తిరగబడ్డ కథ. ఒంట్లో కొవ్వు 40 కిలోలు పెరిగిందని మోసే శక్తి 8 కిలోలు పెరగదు, ఆ 40 కిలోలు అది అప్పటికే మోస్తోంది. శాతాన్ని దాని సరైన ఒంటి బరువు మీద వేయాలి. వయసు కూడా చూడాలి. వెన్నెముకలో ఎముక ఎదుగుదల పూర్తయ్యేసరికి గుర్రానికి అయిదారేళ్ళు పడుతుంది. చూడ్డానికి పూర్తిగా ఎదిగినట్టున్న రెండున్నరేళ్ళ పిల్లకు ఈ శాతాలేవీ వర్తించవు, దాన్ని వదిలేయాలంతే.

“భారమైతే అదే నిలబడిపోతుంది.” ఈ మాట గుర్రాలు తోలేవాళ్ళ నోట కూడా వింటాం. “మోస్తాదిన్నా, ఏం గాదు, కావాలంటే సూడు” అంటారు. మోస్తుంది, నిజమే. గుర్రం వేటకు గురయ్యే జంతువు, మందలో బలహీనంగా కనిపించినదాన్నే పులి పట్టుకుంటుంది కాబట్టి నొప్పిని దాచుకోవడం దాని స్వభావంలో ఉంది. దానికితోడు ఆగితే దెబ్బ పడుతుందని నేర్చుకున్న గుర్రం అసలే ఆగదు. ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో ఆరు గుర్రాల మీద సుమారు 61, 78, 91, 142 కిలోల నలుగురు రౌతులతో ఒక చిన్న పరీక్ష చేశారు. బరువైన ఇద్దరి పరీక్షలన్నీ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, దాదాపు అన్నీ గుర్రం కుంటడం వల్లే. ఆపింది గుర్రాలు కావు, పక్కన నిలబడి చూస్తున్న డాక్టర్లు. జీను అమరిక కూడా కొంత కారణం కావచ్చని వాళ్ళే చెప్పారు.

కాబట్టి మొరాయించే దాకా ఆగకుండా ముందే చూడాలి. జీను తెస్తుంటేనే చెవులు వెనక్కి పెట్టడం, ఎక్కేటప్పుడు పక్కకు జరగడం, వెన్ను కిందికి కుంగడం, అడుగు పొట్టిదవడం, ఈగలు లేకపోయినా తోక విసరడం, ఇవన్నీ అది చెబుతున్న మాటలే. దిగాక జీను తీసి వెన్నెముకకు అటూ ఇటూ వేళ్ళతో నొక్కుతూ వెళ్తే, నొప్పి ఉన్నచోట చర్మం వణికి వెన్ను జారిపోతుంది. జీను కింద తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అక్కడ ఎప్పుడో రాపిడికి పుండు పడి మానిందని అర్థం. పెళ్ళి బుక్ చేసుకునే ముందు జీను ఒకసారి తీసి చూపించమనండి, యజమాని మొహం చూస్తే సగం తెలిసిపోతుంది.

చట్టం మాటకొస్తే, బరువు మోసే జంతువుల గురించి కేంద్రం 1965లో నియమాలు చేసింది. పోనీకి 70 కిలోలు, గాడిదకు 50, కంచర గాడిదకు 200 అని అందులో ఉన్న మాట నిజమే. అది అంతకు మించితే తప్పు అని గీసిన గీత, ప్రతి పోనీ 70 మోయగలదన్న సర్టిఫికెట్ కాదు. మన 206 కిలోల పోనీకి 70 అంటే 34 శాతం. అవే నియమాల్లో మెసేజ్ రాసినవాళ్ళు వదిలేసిన సంగతులు కూడా ఉన్నాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పని చేయించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ ఎంతో చెప్పక్కర్లేదు. పగటి ముహూర్తానికి తారు రోడ్డు మీద గుర్రాన్ని నిలబెట్టేవాళ్ళు 70 అంకె ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే సరిపోదు.

చివరగా జట్కా. లాగడం వేరు, మోయడం వేరు. బియ్యం మూటను తోపుడుబండి మీద వేసి వీధంతా తోయగలం, అదే మూటను నెత్తిన పెట్టుకుని ఎంత దూరం వెళ్తాం? బండిలో బరువు చక్రాల మీద ఉంటుంది, గుర్రం వెన్ను మీద కాదు. అందుకే అదే 1965 నియమాలు పోనీ మోసే బరువును 70 దగ్గర ఆపి, గాలి టైర్ల రెండు చక్రాల బండికి కట్టినప్పుడు 600 కిలోల దాకా ఒప్పుకున్నాయి. గాలి టైర్లు లేకపోతే 400. మెసేజ్‌లో గుర్రం ఎక్కడానికి సాకుగా వాడిన జట్కా, నిజానికి ఎక్కకుండా ఉండటానికి దారి. ఊరేగింపులో గుర్రం ఉండాల్సిందేనని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడితే పెళ్ళికొడుకుని అలంకరించిన బండిలో కూర్చోబెట్టండి. అప్పుడు కూడా టైర్లలో గాలి, మెడ మీద పట్టీ ఒరుసుకునే చోటు, డెక్కలకు లాడాలు చూసుకుని, డీజే స్పీకర్లను గుర్రానికి దూరంగా పెట్టించండి.