ఈత ఒక్కటీ వస్తే సరిపోదండి
బడిలోనే ఈత నేర్పితే పిల్లలు నీళ్ళలో మునిగి చనిపోవడం ఆగుతుందని కొందరు రాశారు. నేర్పాల్సిందే, కానీ అదొక్కటే చాలదండి. మా కోనసీమలో ఎండు కొబ్బరికాయలు రెండు నడుముకి కట్టుకుని కాలువలో ఈత నేర్చుకున్నవాళ్ళమే అందరం. మా పెదనాన్నగారి అబ్బాయి గోదావరి పాయ దాటి లంక దాకా ఈదేవాడు. లాకుల దగ్గర ఎవరో కుర్రాడు కొట్టుకుపోతుంటే దూకాడు. భయంతో ఆ కుర్రాడు అన్నయ్య మెడ పట్టేసుకున్నాడు, ఇద్దరూ పైకి రాలేదు. రేవు మెట్టు మీద అన్నయ్య చెప్పులు, మడత పెట్టిన తువ్వాలు అలాగే ఉండిపోయాయి. పక్కనే పడవ తాడుంది, విసరాలని ఎవరికీ తోచలేదు. తాడో, గెడో, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బానో అందించాలి తప్ప వెంటనే దూకకూడదని ముందు నేర్పండి. బయటికి తీసినవాణ్ణి బోర్లా వేసి పొట్ట నొక్కడం ఇప్పటికీ చూస్తున్నాను, అది తప్పండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నోరు పెట్టి ఊదాలి, గుండె మీద నొక్కాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకో మాట. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేసినప్పుడు మోకాలి లోతులో ఆడిన పిల్లలే, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలాక అదే చోట దిగుతారు. పూడిక తీసిన చోట లోతెంతో వాళ్ళకేం తెలుసు? నీళ్ళు వదిలే ముందు రోజు ఊళ్ళో మైకులో చెప్పించండి, రేవుకో తాడు కట్టించండి.