75 లక్షల పురుగు

రాష్ట్రానికి ఇక అప్పులతో పనిలేదు. స్టాగ్ బీటిల్ అనే నల్ల పురుగు ఒక్కటి చేతికి చిక్కితే 75 లక్షలు వస్తాయని, దాన్ని బీరువాలో దాచుకుంటే రాత్రికి రాత్రే కోటీశ్వరులమైపోతామని వీడియో తిరుగుతోంది. పెళ్ళి సంబంధాల గ్రూపులో అదే, పూర్వ విద్యార్థుల గ్రూపులో అదే, చివరికి ఒక పెద్దాయన సంతాప సందేశాల మధ్యలో కూడా అదే.

ఈ ధర పుట్టుక చెబుతాను. 1999లో టోక్యోలో 80 మిల్లీమీటర్ల పురుగు ఒకటి సుమారు కోటి యెన్లకు, అంటే దాదాపు 90 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ పాత డాలర్లను ఈమధ్యటి మారకం రేటుతో గుణిస్తే మన 75 లక్షలు దిగుతాయి. తర్వాత జపాన్‌లో ఇళ్ళలోనే సీసాల్లో వాటిని పెంచడం మామూలై ధర పడిపోయిన సంగతి వీడియో చేసిన మహానుభావుడికి అనవసరం. ఇక అరుదు అన్న ముద్ర ఐరోపాది, అదీ వేరే జాతిది. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే 2010 నాటి ఐరోపా రెడ్ లిస్టు ప్రకారం అది ముప్పు అంచున ఉంది. డెన్మార్క్‌లో తుడిచిపెట్టుకుపోతే 2013లో మళ్ళీ తెచ్చి వదిలారు. దక్షిణ లండన్ పెరళ్ళలో మాత్రం వేసవి సాయంత్రాలు ఎగురుతూనే ఉంటుంది. అయినా బ్రిటన్‌లో లైసెన్సు లేకుండా దాన్ని అమ్మడం నేరం.

ధర జపాన్‌ది, అరుదు ఐరోపాది, పురుగు మన పెంటకుప్పది. మా అపార్ట్‌మెంటులో దొరికింది ఆ పెంటకుప్పల్లో పెరిగే కొమ్ము పురుగే.

తొలకరి రాత్రి పార్కింగులో ట్యూబులైటు కింద వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్న కొమ్ము పురుగును 302 ఫ్లాటాయన కనిపెట్టారు. వెంటనే అత్యవసర సర్వసభ్య సమావేశం. పడింది మా కారు స్థలంలో కనుక సగం మాదేనని 104 వారు. రిజిస్ట్రేషన్ పత్రంలో కారు స్థలంతో పాటు దాని మీద రాలే జీవరాశిని కూడా రాసిచ్చారా అని కార్యదర్శి గారు. తీర్పు వచ్చేదాకా పురుగును ఖాళీ ఆవకాయ సీసాలో వేసి, మూతకు చిల్లులు పొడిచి, యాపిల్ ముక్క పెట్టి, సీసీ కెమెరాను అటు తిప్పారు. కోనసీమ నుంచి వచ్చిన వాచ్‌మన్ తొంగిచూసి, “ఇవి మా ఊళ్ళో కొబ్బరి మొవ్వు తినేస్తాయండీ, ఇనుప చువ్వతో గుచ్చి లాగి చంపేస్తాం” అన్నాడు. అంత ఆస్తిని చేజేతులా చంపుకుంటున్న కోనసీమ మీద అందరూ జాలిపడ్డారు. నెత్తిన ఒక్క కొమ్ముంటే కొమ్ము పురుగు, దవడలే రెండు కొమ్ముల్లా పెరిగితే స్టాగ్ బీటిల్ అని నేను చెప్పబోయాను. రెండోది విరిగిపోయి ఉంటుందని తేల్చారు. జీఎస్టీ ఎవరు కట్టాలన్న దగ్గర చర్చ అర్ధరాత్రి దాటింది.

అదే సమావేశంలో ఇంకో తీర్మానం ఏకగ్రీవంగా గట్టెక్కింది. గేటు పక్కన ఎండిన వేప మోడును పెకలించి సిమెంటు పోయాలట. చూపుకు బాగోలేదట, చెదలు పడుతుందట. ఐరోపాలో ఆ స్టాగ్ బీటిల్ పిల్లపురుగు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా బతికేది నేలలో పుచ్చిన మోడులోనే. ఆ కట్టె తిని పెరిగి, రెక్కలొచ్చాక ఒక్క వేసవి తిరిగి చచ్చిపోతుంది. పుచ్చుకట్టె మిగలనిచోట అది ఎలా పుడుతుంది, వీడియోలోంచి ఊడిపడుతుందా?

మోడు దాకా ఎందుకు, 2025 ఉగాది నాడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి చెట్ల మీదికి బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసు వాహనాల్లోకి ఈడ్చారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోగా సుమారు 100 ఎకరాల్లో చెట్లు నేలకూలాయి. ఆ బెరళ్ళ కింద, ఆ ఆకుల చెత్తలో ఏమేం బతికేవో అడిగిన మనిషి మా గ్రూపుల్లో ఒక్కరు లేరు. అక్కడ ఎకరం ఎంత పలుకుతుందన్న లెక్కలు మాత్రం తెల్లవార్లూ తిరిగాయి. సిగ్గనిపించలేదా ఎవరికీ? ధర చీటీ అంటిస్తే తప్ప ప్రాణి కనబడని కళ్ళేం కళ్ళు!

ఆదివారం మోడు పెకలించడానికి మనుషులు వస్తున్నారు. ఖర్చుకు ఫ్లాటుకు 200 రూపాయలు వేశారు. నేను కట్టను.