డూప్లికేట్ చిప్పు గారికి ఒక ఒరిజినల్ ఉత్తరం

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

మహారాజశ్రీ డూప్లికేట్ సౌండ్ చిప్పు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. మీరు మా అటక మీద, అట్టపెట్టెలో, చిరిగిన దోమతెర కింద క్షేమమని తలుస్తాను.

జగదాంబ దగ్గర ఒక షాపాయన, లోపల మీరున్న వీడియో గేమ్ పెట్టెని నాన్న చేతిలో పెడుతూ "జపాన్ ఒరిజినల్ సార్" అన్నాడు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసుండేది. నేనూ అన్నయ్యా వేసవి సెలవులంతా కూర్చుని లెక్కేస్తే 12 తేలాయి. మిగతావన్నీ అవే, పేర్లు మార్చుకుని తిరుగుతున్నాయి.

ఆటలు పోతే పోయాయి, పాట మాత్రం చెవిలో ఉండిపోయింది. పాతికేళ్ల తర్వాత దాని ఫలితం అనుభవిస్తున్నాను. ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తులో, "పాత వీడియో గేముల స్ఫూర్తితో ఒరిజినల్ సంగీతం" చేస్తున్నానని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు వెనక్కి తగ్గలేను.

మీ అసలు వంశం గురించి చదివాను. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ అనే నింటెండో వీడియో గేమ్ పెట్టెలో ఉన్నది రీకో కంపెనీ చిప్పు. దానికి ఐదే గొంతులు: రెండు పల్స్ (చదరపు అలవి), ఒక ట్రయాంగిల్ (త్రిభుజపు అలది), ఒక నాయిస్ (బుస్సుమనే రొద), చిన్న చిన్న శాంపిల్స్‌కి, అంటే రికార్డు చేసిన ధ్వని ముక్కలకి, ఇంకొకటి. మూడు స్వరాలు కలిసి మోగినట్టు అనిపించాలంటే వాటిని ఒకే గొంతులో గబగబా తిప్పి చెవిని బురిడీ కొట్టించాలి. ఎకో కావాలా? రెండో పల్స్‌తో అదే బాణీని కాస్త ఆలస్యంగా, మెల్లిగా పాడించాలి. ట్రయాంగిల్‌కైతే వాల్యూమే లేదు. పలికితే పూర్తిగా పలుకుతుంది, లేకపోతే మౌనం. అచ్చం మా పెద్దమామయ్య. ఈ సరంజామాతోనే నింటెండో సంగీతకారుడు కోజి కొండో 1985లో సూపర్ మారియో బ్రదర్స్ గేముకి బాణీలు కట్టాడు.

నా లాప్‌టాప్‌లో ఎన్ని ట్రాకులైనా పెట్టుకోవచ్చు. 37 పాటలు మొదలెట్టాను. ఒక్కటీ 40 సెకన్లు దాటలేదు. (గేమ్ పాటే కదా, మళ్లీ మొదటికొస్తుందిలే అని సర్దిచెప్పుకుంటాను.)

సరే, నేనూ ఐదు గొంతులకే కట్టుబడతానని ఒట్టేసుకున్నాను. నాయిస్ గొంతుతో తప్పెటగుళ్ల దరువు వేద్దామంటే ఆవాలు చిటపటలాడినట్టు వచ్చింది. కాస్త సాగదీస్తే ఆర్కే బీచ్ కెరటమైంది. అదొక్కటే ఇప్పటిదాకా నేను సాధించింది. పల్స్‌లో గమకం పెట్టి మా వీణ టీచరుగారికి వినిపించాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, "ఎవరో కారు రివర్స్ చేస్తున్నట్టున్నారు, చూడు నాయనా" అన్నారు. ఇంకో పాట పొద్దున్నే స్పీకర్లో పెడితే, చెత్తబండి వచ్చిందనుకుని అమ్మ బకెట్ పట్టుకుని మూడంతస్తులు దిగిపోయింది. ఆవిడ మోకాళ్లకి మీదే బాధ్యత.

అసలు కోపం వేరే ఉంది. మొన్న ఒరిజినల్ చిప్పు పాడిన పాట విన్నాను. నచ్చలేదు! ఆరా తీస్తే అప్పుడు తెలిసింది మీ బండారం. మీ డూప్లికేట్ జాతిలో చాలామందికి పల్స్ గొంతు డ్యూటీ సైకిల్ తారుమారట. అసలుది 25 శాతం అన్నచోట మీరు 50 అంటారు, అది 50 అన్నచోట మీరు 25. పక్కవాడి పేపర్లో చూసి రాస్తూ రెండో బిట్టు జవాబు మూడో బిట్టుకి రాసినట్టు! అల ఒక్కో చుట్టులో ఎంతసేపు పైన ఉంటుందన్నదే ఆ శాతం. అది మారితే స్వరం అదే, గొంతు వేరు. ముక్కుతో సన్నగా పాడాల్సింది గుల్లగా మోగుతుంది. ఇన్నేళ్లు నా బాల్యం అనుకుని దాచుకున్నది, కాపీ కొట్టడంలో మీరు చేసిన పొరపాటు అన్నమాట.

ఏం చేస్తాను? సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ నేనే తారుమారు చేసుకున్నాను. 38వ పాట రెండు నిమిషాలు దాటింది.

గాజువాకలో ఉన్న అన్నయ్యకి ఫోన్లో వినిపించాను. "ఒరేయ్, ఇది మనం ఆడాం కదరా! నాలుగువేల చిల్లరలో ఏదో నంబరు" అన్నాడు.

"కాదన్నయ్యా, ఒరిజినల్" అన్నాను.

"ఆ షాపాయనా అదే అన్నాడు" అని పెట్టేశాడు.

ఇట్లు,
మీ క్యాసెట్‌లో ఉఫ్ ఉఫ్ అని ఊదిన చిన్నోడు