టిక్కు ఆగితే తుఫానట!

నిన్నటికి ఆరోసారి వచ్చింది ఆ మెసేజీ. మొదట మా బావ పంపాడు. తర్వాత ఒడిశా తీరంలోని గోపాలపూర్ రేవు నుంచి ఒకాయన. ఆఖరికి బరంపురంలో నాతో చదువుకుని లెక్కలు చెబుతున్న మాస్టారు కూడా! అందులో ఉన్నది ఇదీ: "షార్ట్‌వేవ్‌లో 10 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపించే టిక్ టిక్ చైనా గూఢచారుల సంకేతం. వినడం నేరం. దాంతో గడియారం పెట్టుకుంటే చైనా టైము వస్తుంది. టిక్కు వినిపిస్తున్నంతసేపూ తుఫాను రాదు, ఆగిందంటే వస్తున్నట్టే. ఫోను టైము కన్నా రేడియో టైమే నిజం."

వినడం నేరమట, వినకపోతే తుఫాను సంగతి తెలియదట. రాసినవాడు తను రాసింది తనే చదువుకోలేదు.

గూఢచారి ముచ్చట ముందు. అది గడియారాలు సరిచేసుకోడానికి టైము టిక్కులు పంపే రేడియో స్టేషను. పేరు బీపీఎం, చైనాలో షాన్సీ రాష్ట్రం నుంచి వస్తుంది. ప్రతి గంటలో 29వ నిమిషంలో ఒకసారి, 59వ నిమిషంలో ఒకసారి మోర్సు కోడ్‌లోనూ ఆడగొంతుతోనూ తన పేరు తనే చెప్పుకుంటుంది. పేరు కేకేసి చెప్పి కన్నం వేసే దొంగని మీరెక్కడైనా చూశారా? అమెరికా కొలరాడో నుంచి ఇదే పని చేస్తోంది. ఒకప్పుడు మన ఢిల్లీ నుంచి ఏటీఏ స్టేషను కూడా ఇదే 10 మెగాహెర్ట్జ్ మీద టిక్కుమనేది. అప్పుడు మనం ఎవరి మీద నిఘా పెట్టినట్టో!

వినడం నేరమా? రేడియో సెట్టుకి లైసెన్సు కట్టే రోజులు 1980ల్లోనే పోయాయి. తర్వాతది.

చైనా టైము. సెకను బీజింగ్‌లోనూ సెకనే, ఛత్రపురంలోనూ సెకనే. మన దేశం టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశపు గీత జయపురం పక్కనుంచే పోతుంది. దాన్నెవరూ ఎత్తుకుపోలేదు, చూసుకోండి.

ఇక అసలు విషపు ముక్క. టిక్కు వినిపిస్తున్నంతసేపూ తుఫాను రాదట. నాకు కోపం వచ్చింది దీనికే. రేవులో మనవాళ్లు వేటకెళ్లేముందు ఈ మెసేజీ చదువుతున్నారు.

బీపీఎం ప్రతి గంటలో 10 నుంచి 15వ నిమిషం దాకా, మళ్లీ 40 నుంచి 45 దాకా టిక్కు తనే ఆపేస్తుంది. అది వాళ్ల కార్యక్రమం. మీ లెక్కన గంటకి రెండు తుఫానులు, రోజుకి నలభై ఎనిమిది. గంజాం జిల్లా ఈపాటికి సముద్రంలో ఉండాలి. 25వ నిమిషం నుంచీ, 55వ నిమిషం నుంచీ టిక్కు సాగదీసినట్టు పొడుగవుతుంది. భూమి తిరుగుడు లెక్కతో నడిచే టైము అది. అదీ అపశకునమేనని రేపు ఇంకో మెసేజీ వస్తుంది, రాసి పెట్టుకోండి.

పోనీ, వేరే వేళ ఆగిందనుకుందాం. ఆ రేడియో తరంగం మన దగ్గరికి సుమారు 3,000 కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. దారి మధ్యలో, అరుణాచల్, బర్మాల మీద ఎక్కడో, వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి కిందికి వంగుతుంది. తుఫాను మేఘం ఎంత లేచినా పదిహేను, ఇరవై కిలోమీటర్లు. బంగాళాఖాతంలో ఏం జరుగుతోందో ఆ టిక్కుకి తెలిసే దారే లేదు. రాత్రి, పగలు మారినా అది సన్నబడుతుంది. సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే పగటిపూట పూర్తిగా పోతుంది. దగ్గర్లో ఉరుములుంటే బరబరలో మునిగిపోతుంది. ఇవేవీ లేని రోజున, తుఫాను తీరానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా, శుభ్రంగా టిక్ టిక్‌మంటూనే ఉంటుంది. అప్పుడు ఈ మెసేజీ నమ్మినవాడు షెల్టరుకి కదలకుండా ఇంట్లోనే కూర్చుంటాడు.

1999 ఒడిశా తుఫానులో సుమారు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటినా ప్రాణాలు నిలిచాయంటే, లక్షల మంది ముందే షెల్టర్లకు వెళ్లబట్టి. వాళ్లని కదిలించింది వాతావరణ శాఖ హెచ్చరిక, తలుపు తట్టిన ఊరి మనుషులు. చెవికి రేడియో పెట్టుకుని టిక్కులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఎవరు మిగిలేవారు?

ఆఖరి ముక్క దగ్గర మాత్రం నేను తగ్గాలి. ఫోను కన్నా రేడియో టైము నమ్మదగ్గదన్న మాట. మామూలు రోజున ఫోను టైముకి వంక లేదు. కానీ 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్లాక పర్లాకిమిడిలో మా ఇంట్లో కరెంటు లేదు, సిగ్నలు లేదు, ఫోన్లన్నీ చచ్చిపడ్డాయి. గోడ గడియారం నీళ్లలో పడి ఆగిపోయింది. రెండు బ్యాటరీల సెట్టులో చైనా టిక్కు విని, నిమిషం మారేచోట చేతి గడియారం సరిచేసుకుని, అమ్మకి మందులు వేళకి వేశాను. గంట మాత్రం పొద్దు చూసి అంచనా కట్టాను, అది టిక్కు చెప్పదు. కాబట్టి ఆ ముక్క ఉంచుకో బావా. మిగతాది రేవు గ్రూపులోంచి ఈ రాత్రికే తీసెయ్. రేపు తెల్లవారుజామున పడవలు కదులుతాయి.