లైను అంటే ఏ లైను?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో కరెంటు పోతే జనం అరుగుల మీదికి వస్తారు. మొన్న అలా వచ్చినప్పుడు పక్కింటి తెలుగు మాస్టారికీ ఆయన మేనల్లుడికీ మధ్య రేగిన వాదం ఇది. మాస్టారు బడిలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. అల్లుడు స్తంభాలెక్కే లైన్‌మన్. ఆ రోజు సెలవు. నా మొగ్గు అల్లుడి వైపే, దాచడం ఎందుకు. అలాగని మాస్టారు వేసిన దెబ్బలు మెత్తన చేసి రాయలేదు. అల్లుడు ఫోనులో ఎవరినో "ఏ లైను పోయింది?" అని అడగడంతో మొదలైంది.

మామ: అదిగో, మళ్ళీ లైను. పొద్దున్నుంచి లెక్కపెడుతున్నాను నాయనా. పాల దగ్గర లైను. బ్యాంకులో పెద్ద లైను. మీ అక్క ఫోను చేస్తే లైనులో ఉండమన్నావు. సబ్బుల బండి రాలేదేమని కొట్టువాణ్ణి అడిగితే మన లైను బుధవారం అన్నాడు. వడ్డీ వసూలుకు తిరిగే కుర్రాడు లైనుకు వెళ్ళాడట. ఎదురింటి పిల్లవాడు పద్యంలో రెండో లైను మరిచిపోయాడట. పద్యానికి పాదాలుంటాయి గాని లైన్లుంటాయా! ఇప్పుడేమో లైను పోయిందంటున్నావు. వరుస, బారు, బంతి, పాదం, గీత, తీగ, చాలు. ఇంతమంది ఉన్న ఇంట్లోకి ఒక్కడు అద్దెకు దిగి, గదులన్నింటికీ తాళాలు వేసుకున్నాడు.

అల్లుడు: అద్దెకు దిగలేదు మామయ్యగారూ, పని మీద వచ్చాడు. 1900లో నౌపడ నుంచి మన ఊరికి రాజావారు చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. ఆ రైలు రాకముందు ఈ ఊళ్ళో లైను అనే మాటతో ఎవరికి అవసరం? రైలుతో ఒకసారి వచ్చింది, కరెంటు తీగలతో ఒకసారి, టెలిఫోనుతో మరోసారి. ఒట్టి చేతులతో ఎప్పుడూ రాలేదు.

మామ: వస్తువును తెచ్చినప్పుడు వద్దనలేదే. రైలుకు లైను అనుకో, నాకేం? పాల కోసం ఒకరి వెనక ఒకరు నిలబడడం కూడా రైలే తెచ్చిందా? అసలు ఇంగ్లీషు మాటలకు కుదురు లేదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో సెట్ అనే ఒక్క క్రియకు 430 అర్థాలు. తరువాత రన్ అనే క్రియను మళ్ళీ తిరగదోడితే 645 తేలాయట. పరుగెత్తడమంటే పరుగెత్తడం! నీ లైను పుట్టుక తెలుసా? లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె. అవిసె నారతో పేనిన దారం లీనెయా. నీ గొప్ప లైను వట్టి దారప్పోగు.

అల్లుడు: అత్తయ్య జాకెట్టుకు దర్జీ వేసే లైనింగు కూడా ఆ అవిసెదేనా?

మామ: దానిదే. వెనకటికి లోపల వేసేది లినెన్ గుడ్డ కాబట్టి.

అల్లుడు: చూశారా, ఆయుధం మీరే అందించారు. జాకెట్టు లోపలి గుడ్డా, రైలు దారీ, నేను వేలాడే తీగా ఒక్క దారప్పోగు బిడ్డలు. దారం బిగించి లాగితే గీత. ఆ గీత వెంబడి మనుషులు నిలబడితే బారు. అర్థం ఎక్కడా గెంతలేదు, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మరి మన వరుస సంగతేమిటి? పాలకు నిలబడితే వరుస. నేను మీకు ఏమవుతానంటే వరుస. సంబంధం తప్పిపోతే వరుస కలవలేదంటారు. నేను ఆలస్యంగా ఇంటికొస్తే "వీడి వరుస బాగాలేదు" అనేది మీరే. దానికి ఎవరూ పంచాయితీ పెట్టలేదే.

మామ: వరుస మన పిల్ల.

అల్లుడు: అలాగయితే ఒకటి అడుగుతాను. బడిలో పిల్లలను గీతలున్న పుస్తకం కొనుక్కోమనడానికి మీరేమనేవారు?

మామ: రూళ్ళ పుస్తకం.

అల్లుడు: రూలు ఏ భాష?

(మాస్టారు విసనకర్ర కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నారు. కాసేపు గాలి విసురుకోవడమే వినిపించింది.)

మామ: సరే, రూళ్ళు పట్టుకుపో. డెడ్‌లైను సంగతి చెప్పు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, అండర్సన్‌విల్ అనే చోట ఖైదీల శిబిరం ఉండేది. గోడకు ఇవతల ఒక కంచె కట్టారు. అది దాటితే కావలివాడు కాల్చేస్తాడు. డెడ్‌లైను అంటే అది. బిల్లు కట్టే తేదీకి ఆ చావు మాట మనకెందుకు? గడువు అంటే సరిపోదూ?

అల్లుడు: సరిపోతుంది. దాని జోలికి రాను.

మామ: అంత తేలిగ్గా వదలను. పోయినేడు స్తంభం దగ్గర ఏం జరిగిందో మీ అత్తయ్యకు చెప్పావు కదా, వీరికీ చెప్పు.

అల్లుడు: అది ఇప్పుడెందుకు లెండి.

మామ: చెప్పు.

అల్లుడు: నేనూ, కొత్తగా చేరిన కుర్రాడూ స్తంభం కింద ఉన్నాం. సబ్‌స్టేషన్‌లో మనిషితో మాట్లాడుతుంటే సిగ్నల్ పోయింది. మళ్ళీ కలిశాక ఆయన "లైను కట్టయింది" అన్నాడు. ఆయన చెప్పింది ఫోను గురించి. పక్కనుంచి విన్న కుర్రాడు కరెంటు తీసేశారనుకున్నాడు. నేను ఫోను జేబులో పెట్టుకుని తిరిగేసరికి నిచ్చెన మూడో మెట్టు మీద ఉన్నాడు. చొక్కా పట్టి కిందికి లాగాను. బొత్తాలు రెండు ఊడిపోయాయి.

మామ: మరి! అర్థం అడుగులో అడుగు వేసుకుంటూ నడిచిందన్నావు. నడిచి నడిచి ఆ పిల్లవాణ్ణి నిచ్చెన ఎక్కించింది. "సరఫరా ఆపాం" అన్న మాట ఒకటి మీ మధ్య ఉండి ఉంటే వాడు ఎక్కేవాడా?

అల్లుడు: (చాలాసేపటికి) ఎక్కేవాడు కాదు. ఒప్పుకుంటాను. కానీ ఎవరి నోటి మాటా నమ్మి స్తంభం ఎక్కకూడదనే మాకు లైన్ క్లియర్ అని ఒక అనుమతి ఉంది. దాని సంగతీ వినండి. ఏ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే ఏ లైను, ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు, అన్నీ సబ్‌స్టేషన్ పుస్తకంలో రాసుకుంటారు. ఒక నంబరు ఇస్తారు. దాన్ని నేను తిరిగి చదివి వినిపించాలి. తరువాత స్విచ్ తెరిచి, మూడు తీగల దగ్గరా విడిపడిందా అని కింద నిలబడి కళ్ళారా చూసుకోవాలి. టెస్టర్ పెట్టాలి. ఎర్తు రాడ్డు మూడింటికీ తగిలించాలి. అన్నీ అయ్యాకే చెయ్యి పెట్టడం. పని ముగిశాక లైన్ క్లియర్ తిరిగి ఇవ్వాల్సింది కూడా తీసుకున్నవాడే. నేను తీసుకున్నది ఇంకొకడు ఇచ్చేస్తే నా ప్రాణం వాడి నోట్లో ఉన్నట్టు. మా పనిలో ఈ మాటకు ఒక్కటే అర్థం, మామయ్యగారూ. ఒకే స్తంభానికి పైన 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టులది ఉంటుంది, కింద ఇళ్ళకు వెళ్ళేది ఉంటుంది. పని తెలిసినవాడు ఉత్తగా లైను అనడు. పై లైను అంటాడు, కింది లైను అంటాడు, ఫలానా ఫీడరంటాడు. ఆ కుర్రాడు కొత్తవాడు, ఉత్త లైను విన్నాడు. పోనీ మీ తీగను తెచ్చి అక్కడ పెడదామా? తీగ తెగిందంటే సరఫరా పోయినట్టేనా? తెగి నేల మీద పడ్డ తీగలో కరెంటు ఉండవచ్చు, దాన్ని తొక్కి ఆవులు పోతుంటాయి. లైను పోయిందంటే ఇంట్లో దీపం లేదని, అంతే. ఈ మాట ఇంగ్లండు వెళ్ళి అనండి, ఫోను పాడయిందేమో అనుకుంటారు. మన వీధిలో ఒడియావాళ్ళు "లైన్ గలా" అంటారు, మనం లైను పోయిందంటాం. ఇంగ్లీషువాడికి తెలియకుండా మనం పెంచుకున్న అర్థం ఇది.

మామ: పెంచుకో. ఇది పెరిగినప్పుడల్లా మరొకటి పోతోంది. నీ కొడుకును పిలిచి చాలు అంటే ఏమిటో అడుగు.

అల్లుడు: అన్నం ఇంక వద్దనడం అంటాడు.

మామ: అదే నా ఏడుపు. నాగలి గీసే చాలు వాడికి తెలియదు. విత్తనాలు చాళ్ళలో పోస్తారని తెలియదు.

అల్లుడు: ఆ చాలును లైను మింగలేదు, ట్రాక్టరు మింగింది. నాగలి వెనక నడిచేవాడు లేనప్పుడు వాడి మాట ఒక్కటే పొలంలో ఏం చేస్తుంది? మొన్న మీ మనవరాలి పెళ్ళిలో బంతి ఏది? కూర్చుని తింటే బంతి. పళ్ళెం పట్టుకుని నిలబడితే లైను. మీరూ నిలబడ్డారు, నా ముందే ఉన్నారు, గారెల దగ్గర. అత్తయ్య ఇప్పటికీ గడపలో ముగ్గు పెడుతుంది కాబట్టి ఆవిడ గీత గీతగానే ఉంది. ముగ్గుకు లైను అన్నవాణ్ణి ఎవరినైనా చూపించండి. పని ఉన్నంత కాలం మాట ఉంటుంది. అయినా గిడుగువారు తిరిగిన ఊళ్ళో ఉండి వాడుక మాటను తప్పు పడతారా? జనం నోట ఉన్నదే భాష అని పండితులందరితో పోట్లాడింది ఈ ఊరి బడిపంతులే కదా.

మామ: గిడుగు రామమూర్తిగారిని నాకు చెబుతున్నావా! కూర్చో. ఆయన వాడుక మాట రాయమన్నారు గాని ఉన్న మాటలను మరిచిపొమ్మన్నారా? కొండల మీది సవరల భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు. ఈ ఊళ్ళో ఉండి ఆయన సవరలను ఇంటికి పిలిపించుకుని, మాట మాటా వాళ్ళ నోట విని రాసుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. ఇద్దరు ముగ్గురి నోట మిగిలిన మాటయినా ఆయనకు పనికివచ్చింది. ఆ మనిషి పేరు చెప్పి, చాలు పోతే పోనీ అంటావా? చాలును, బంతిని, బారును ఏరి పెట్టేవాడు ఎవడున్నాడు మన వీధిలో? నువ్వా? నీ కొడుకు ఒడియా బడిలో చదువుతున్నాడు. తెలుగు చదవడం మీ అత్తయ్య నేర్పితే వచ్చింది.

(దీనికి అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

అల్లుడు: బడి నేను కట్టించలేదు కదా. వాడు స్నేహితులతో ధాడి అంటాడు, ఇంట్లో వరుస అంటే కాస్త తడుముకుంటాడు, లైను అంటే ఇద్దరికీ తెలుస్తుంది. బియ్యం కొట్టు దగ్గర ఒడియావాళ్ళు, మనవాళ్ళు, సవరలు ఒకరి వెనక ఒకరు ఉంటారు. లైనులోకి రండి అంటే ముగ్గురూ కదులుతారు.

మామ: ముగ్గురి మాటలూ పోయి నాలుగోవాడిది మిగిలింది. దానికి సంతోషిస్తున్నావు.

అల్లుడు: కొట్లాట లేకుండా బియ్యం వస్తున్నాయని సంతోషిస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశాను వేరు చేసి గీత గీశారే, దానికి మాత్రం మీరు మంచి తెలుగు మాట వాడండి. ఎల్ల అనండి, పొలిమేర అనండి. గిడుగువారు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళకుండా ఆగారా?

మామ: ఆ ఊసు ఎత్తకు. ఆయన వెళ్ళింది తెలుగు పోయిందని. నువ్వు ఇక్కడే ఉండి పోగొడుతున్నావు.

అల్లుడు: ఇక్కడే ఉండి మీకు దీపాలు వెలిగిస్తున్నాను!

మామ: ఏం వెలిగించావు? 2018లో తిత్లీ తుఫానుకు మన వీధి పదమూడు రోజులు చీకట్లో ఉంది. అక్టోబరు 11 తెల్లవారుజామున పోయిన కరెంటు. దసరాకు కూడా ఆముదం దీపాలే. బజారు వీధికి వచ్చింది, రథం వీధికి వచ్చింది, మనకు అందరికంటే చివర.

అల్లుడు: ఆసుపత్రికి ముందు, మంచినీళ్ళ మోటార్లకు తరువాత, ఇళ్ళకు ఆ పైన. మీకు తెలియదా? పలాస దగ్గర తీరం దాటిన గాలి మన జిల్లా మీదినుంచే కదా వెళ్ళింది. స్తంభాలు వరుసగా పడిపోయాయి. మేనమామ వీధి కదా అని ముందు ఇస్తే ఊరు నన్ను ఊరుకుంటుందా?

మామ: వరుసగా అన్నావు. సంతోషం. ముందు ఇవ్వమని ఎవరడిగారు? చివర ఎందుకిచ్చావని అడుగుతున్నాను. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి నుంచి మన వీధికి నాలుగే స్తంభాలు.

అల్లుడు: నాలుగూ విరిగాయి. కొత్తవి లారీలో రావాలి, దారి మీద చెట్లు. నేను ఆ రోజుల్లో ఇంటికే రాలేదు, సబ్‌స్టేషన్ వరండాలో పడుకున్నాను. అయినా పదమూడు రోజులు కాదు, పదకొండు.

మామ: పదమూడు.

అల్లుడు: పదకొండు, మామయ్యగారూ. పని చేసినవాణ్ణి నేను.

మామ: చీకట్లో కూర్చున్నవాణ్ణి నేను. ఉండు.

(మాస్టారు టార్చి పట్టుకుని లోపలికి వెళ్ళారు. పెట్టె మూత తీసిన చప్పుడు, అత్తయ్యగారు "ఈ వేళప్పుడు ఏం వెతుకుతున్నారు" అనడం వినిపించాయి. కాసేపటికి చెదలు పట్టిన పాత క్యాలెండరు తెచ్చి, అక్టోబరు కాగితం అరుగు మీద పరిచారు.)

మామ: ఇదిగో. దీపం లేని ప్రతి రాత్రీ పడుకునే ముందు ఒక గీత గీశాను. లెక్కపెట్టు.

అల్లుడు: (టార్చి వెలుగులో వేలు పెట్టి) ... తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పన్నెండే ఉన్నాయి.

మామ: ఒక రాత్రి పెన్సిలు దొరకలేదు.